రాత్రి తొమ్మిదిన్నరకు ఏం పెట్టుకోవాలి? బిగ్‌బాస్, పాటల పోటీ, నిజ నేరాల కథల మధ్య ఒక పోలిక

మా పిన్నిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లె. పగలంతా వీధి తలుపు బార్లా తీసి ఉంచడం, రాత్రి దగ్గరగా వేసి పడుకోవడం ఆమె అలవాటు. నిరుడు వేసవి సెలవులకు వచ్చిన మనవడు ఆమె ఫోనులో నిజ నేరాల డాక్యుమెంటరీలు చూడటం నేర్పి వెళ్లాడు. రెండు నెలలు తిరిగేసరికి తలుపుకు కొత్త గడియ, గడియకు తాళం వచ్చాయి. పాలగిన్నె కిటికీలోంచి అందుకోవడం మొదలైంది. పాలు పోసే అబ్బాయి కొత్తవాడేమీ కాదు. ఇరవై ఏళ్లుగా వస్తున్నాడు, సంక్రాంతికి ఆమె చేతి అరిసెలు తినేవాడు.

దసరాల నాటికి విజయనగరంలో మా బావగారి వంతు వచ్చింది. ఆఫీసులో పక్క కుర్చీ ఆయనతో మాటలు మానేశారు. పొలం గట్టు తగాదా కాదు, బదిలీ గొడవా కాదు. బిగ్‌బాస్ ఇంటి నుంచి ఆ వారం ఒకరిని పంపించడం న్యాయమా, అన్యాయమా అన్నది వాళ్ల పేచీ. సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో ఎదురెదురు పడి కూడా ముఖాలు తిప్పుకున్నారట. మా అప్ప, అంటే మా అక్క, చెప్పి చెప్పి నవ్వింది.

ఈ రెండూ చూశాక నేను కార్యక్రమాలను ఎంచుకునే పద్ధతి మార్చుకున్నాను. ఏది బాగుంది అని అడగడం మానేసి, అది చూసిన మర్నాడు పొద్దున్న మా ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారు అని చూడటం మొదలుపెట్టాను. ఇంట్లో రిమోట్ తగాదా ఉన్నవారికి, ఏది మొదలుపెట్టాలో తేలక యాప్‌లో బొమ్మలు దొర్లిస్తూ అరగంట పోగొట్టుకునేవారికి ఈ పోలిక పనికిరావచ్చు.

## ముందు కొలతలు

గదిలో ఎవరున్నారు. ఇది మొదటి ప్రశ్న. మన ఇళ్లలో టీవీ ఇంకా హాల్లోనే ఉంది. మామగారు, కోడలు, ఏడో తరగతి పిల్లవాడు ఒకే చాప మీద కూర్చునే చోట చూడదగినది వేరు, ఒక్కరే దుప్పటి కప్పుకుని ఫోనులో చూసుకునేది వేరు.

ఎన్నాళ్ల పని. కొన్ని రెండు రాత్రుల్లో అయిపోతాయి. కొన్ని వినాయక చవితి దాటాక పట్టుకుంటే ధనుర్మాసం దాకా వదలవు.

నిజం పాలెంత, కూర్పు పాలెంత. 'నిజ జీవితం', 'యథార్థ ఘటన' అన్న మాటలు తెర మీద పడగానే మనం వాదించడం మానేస్తాం. కల్పిత కథలో తప్పు పట్టినంత చురుగ్గా ఇక్కడ తప్పు పట్టం.

ఆ కథ ఎవరిది. పాటల పోటీలో పాడేవాళ్లు కోరి వచ్చారు. బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లినవాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టి వెళ్లారు. నేర కథలో చనిపోయిన మనిషిని ఎవరూ అడగలేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో దీనికి పాత పద్ధతి ఒకటి ఉండేది. అన్యాయంగా పోయిన ఆడమనిషికి ఊరు గుడి కట్టి పేరంటాలుగా కొలిచేది, ఆమె కథను జముకుల వాళ్లు రాత్రంతా పాడేవాళ్లు. కథ ఆమె పేరుతో నిలిచేది, చంపినవాడి పేరుతో కాదు. ఇప్పటి నేర కథల పోస్టర్ల మీద ఎవరి ముఖం పెద్దగా ఉంటుందో ఒకసారి గమనించండి.

మర్నాడు ఏం మిగులుతుంది. నా లెక్కలో దీనికి మిగతా అన్నిటికన్నా బరువెక్కువ. మిగిలేది కూనిరాగం కావచ్చు, అనుమానం కావచ్చు, పక్క కుర్చీ మనిషి మీద కోపం కావచ్చు.

ఖర్చు గురించి ఒక్క మాటతో సరి. కేబుల్ ఉంటే కింది పట్టికలో మొదటి మూడు రకాలకు, యాప్‌లో మాత్రమే వచ్చేవి తప్ప, కొత్త ఖర్చేమీ లేదు. డాక్యుమెంటరీలకు, సీరీస్‌లకు చందా కట్టాలి. ఒక నెలకు కట్టి, చూడాలనుకున్నవి చూసేసి, ఆపేయడం మేలు.

| రకం | ఎన్నాళ్లు | పిల్లలతో చూడవచ్చా | కూర్పు పాలు | మర్నాడు మిగిలేది |
|---|---|---|---|---|
| బిగ్‌బాస్ వంటి ఇంటి ఆట | వంద రోజులకు పైగా | పెద్దలు పక్కన ఉంటేనే | చాలా ఎక్కువ | పక్షం పట్టడం, వాదన |
| పాటల పోటీ | వారానికి ఒకటి రెండు పూటలు | హాయిగా | తక్కువ, కన్నీళ్ల దగ్గర మాత్రం ఎక్కువ | పాట |
| వార్తా ఛానెళ్ల నేర కథనం | రోజూ అరగంట | వద్దు | చెప్పలేం | అనుమానం |
| నిజ నేరాల డాక్యుమెంటరీ | రెండు మూడు రాత్రులు | వద్దు | మధ్యస్థం | భయం, ఆలోచన |
| యథార్థ ఘటనల సీరీస్ | వారం పది రోజులు | వయసు గుర్తు చూసి | సగం సగం | చర్చ |

పట్టికలో గడులన్నీ సమానంగా కనిపిస్తాయి. అసలు సంగతి అలా లేదు కనుక ఒక్కొక్కటీ చూద్దాం.

## బిగ్‌బాస్: వంద రోజుల కాపురం

తెలుగులో ఇది 2017 జులైలో స్టార్ మాలో మొదలైంది. మొదటి సీజన్ డెబ్బై రోజులు, నడిపించింది ఎన్టీఆర్. రెండోది నాని, మూడో సీజన్ నుంచి నాగార్జున. తరువాతి సీజన్లన్నీ వంద రోజులు దాటాయి. దీని తాత నెదర్లాండ్స్‌లో 1999లో పుట్టిన 'బిగ్ బ్రదర్'.

పని తీరు తెలిస్తే సగం కోపం తగ్గుతుంది. ఇంట్లో కెమెరాలు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతాయి, మనకు రాత్రి చూపేది సుమారు గంట. అందులోనూ ప్రకటనలు పోను మిగిలేదే. పదిహేను మంది రోజంతా తిన్నది, పడుకున్నది, ఊరికే కూర్చున్నది అంతా పోతుంది. మిగిలేది గొడవ, ఏడుపు, సర్దుబాటు. ఒక మనిషి మూతి విరిచిన దృశ్యం ఏ మాటకు జవాబుగా విరిచాడో, కూర్చేవాళ్లు ఏ మాట పక్కన అతికించారో మనకు తెలియదు. అయినా 'నేను నా కళ్లతో చూశాను' అంటాం. మా బావగారు అన్నమాట అదే.

ఈ బంధానికి 1956లోనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్, ఒక పేరు పెట్టారు. తెలుగులో ఒకవైపు చుట్టరికం అనుకోవచ్చు. తెర మీద మనిషిని రోజూ చూసి చూసి మనం బంధువు చేసుకుంటాం, ఆ మనిషికి మనం ఉన్నామనే తెలియదు. వంద రాత్రులు వరసగా, అన్నం తినే వేళకు ఇంట్లోకి వచ్చే మనిషి చుట్టం కాక ఏమవుతాడు? దానికి తోడు ఓటు ఉంది. మిస్డ్ కాల్ ఇచ్చో యాప్‌లో నొక్కో మనం ఆ చుట్టానికి సాయం చేయగలం. సాయం చేసినవారి మీద మమకారం రెట్టింపు అవుతుంది, ఇది పెళ్లిళ్లు చేసిన ప్రతి మేనమామకూ తెలుసు. 2018లో విశాఖపట్నం వాడైన కౌశల్ గెలిచినప్పుడు అభిమానులు తమను తాము 'ఆర్మీ' అని పిలుచుకోవడం, జట్టుగా రోడ్డెక్కి నడవడం ఈ మమకారపు పని. 2023 డిసెంబర్ 17 రాత్రి ఫైనల్ అయ్యాక హైదరాబాద్‌లో స్టూడియో బయట కార్ల, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలి, పోలీసు కేసుల దాకా వెళ్లింది కూడా దాని పనే. ఆ బస్సుల్లో ఉన్నవాళ్లకు ఎవరు గెలిచినా ఒకటే.

అలాగని ప్రేక్షకుల కోపం ఎప్పుడూ చెడ్డదని అనను. 2007లో బ్రిటన్‌లో ఇదే ఆట ప్రముఖుల సీజన్‌లో శిల్పా శెట్టిని జాతి పేరుతో చిన్నబుచ్చినప్పుడు అక్కడి ప్రసార నియంత్రణ సంస్థకు 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. చివరికి ప్రేక్షకులే ఆమెను గెలిపించారు. మన దగ్గరా కోపాన్ని ఓ దారిలో పెట్టే వీలుంది. 2021 జూన్‌లో కేబుల్ టీవీ నియమాలకు జరిగిన సవరణ ప్రకారం మొదట ఛానెల్‌కు, అక్కడ తేలకపోతే ప్రసారకుల స్వీయ నియంత్రణ సంఘానికి, ఆ పైన కేంద్రానికి ఫిర్యాదు పంపుకోవచ్చు. పోటీదారు తల్లినీ చెల్లినీ తిట్టడం కన్నా ఇది శ్రమ ఎక్కువ, ఫలితం కూడా ఎక్కువ.

మన జిల్లాకు ఇందులో ఒక ముచ్చట ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన రేవంత్ 2017లో హిందీ ఇండియన్ ఐడల్ తొమ్మిదో సీజన్ గెలిచాడు, 2022లో బిగ్‌బాస్ ఆరో సీజనూ గెలిచాడు. రెండు చోట్లా ఓటేసింది మనవాళ్లే. మొదటిసారి వాదన అంతా గొంతు మీద, పై స్థాయిలో ఎలా నిలబెట్టాడన్న దాని మీద నడిచింది. రెండోసారి అతని కోపం మీద, మాట తీరు మీద, ఎవరితో స్నేహంగా ఉన్నాడన్న దాని మీద నడిచింది. మనిషి ఒకడే. మా వీధిలో మొదటి వాదన పాట పెట్టుకుని వినడంతో ముగిసేది. రెండోది ముగిసేది కాదు, మర్నాటికి వాయిదా పడేది.

ఎవరికి నప్పుతుంది? ఊళ్లు విడిపోయిన కుటుంబాలకు, నిజంగానే. మా ఆడపడుచు కొడుకు చెన్నైలో, కూతురు హైదరాబాద్‌లో. రాత్రి ఫోనులో మాట్లాడుకోవడానికి వాళ్లకు ఏదో ఒకటి కావాలి. 'తిన్నావా' తరువాత మాట తట్టదు. బిగ్‌బాస్ నెలల్లో మాత్రం ఆ ఫోను అరగంట సాగుతుంది. అంత మేలు చేసే కార్యక్రమాన్ని పూర్తిగా తిట్టడం నాకు చేతకాదు.

వద్దనేది ఎవరికంటే, ఓడిపోవడం పడనివారికి. క్రికెట్ మ్యాచ్ ఓడితే అన్నం మానేసేవారు మీ ఇంట్లో ఉంటే, ఇది వంద రోజుల మ్యాచ్ అని గుర్తుంచుకోండి. వారాంతపు ఎపిసోడ్లు మాత్రమే చూడటం మధ్యేమార్గం. వారం కథంతా అందులో తేలిపోతుంది, కావలసినంత వినోదం ఉంటుంది, మిగతా అయిదు రాత్రులు మీవి.

## పాటల పోటీలు: విజయనగరం వాళ్లతో కూర్చుని చూడండి

ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 'పాడుతా తీయగా' మొదలుపెట్టింది 1996లో. 2020 సెప్టెంబర్ 25న ఆయన పోయాక కుమారుడు చరణ్ ఆ బాధ్యత తీసుకున్నారు. 2022 నుంచి ఆహాలో తెలుగు ఇండియన్ ఐడల్ కూడా ఉంది. రెండింటి స్వభావం వేరు. మొదటిది పాఠం చెప్పే తరగతి లాంటిది, రెండోది వెలుగులు, నృత్యం, చలోక్తులతో నిండిన వేడుక.

విజయనగరంలో దీన్ని చూడటం మరోలా ఉంటుంది. ఇక్కడి సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు, ఘంటసాల అక్కడ చదువుకున్నారు. సుశీల గారిది ఈ ఊరే. అందుకని ప్రతి వీధిలోనూ కనీసం ఒక ముసలాయన దొరుకుతాడు, న్యాయనిర్ణేత నోరు తెరవకముందే 'గాంధారం జారింది' అనేస్తాడు. మా పక్కింట్లో అలాంటి మాస్టారు ఒకరు ఉన్నారు. ఆయనతో కూర్చుని చూడటం కార్యక్రమం కన్నా బాగుంటుంది. ఆయన తిట్లు కూడా పాట మీదే గానీ పాడిన పిల్ల రంగు మీద, ఊరి మీద, కులం మీద పోవు. తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపగలిగే చోట వాదన తొందరగా తేలిపోతుంది. ఇంటి ఆటకూ దీనికీ ఉన్న పెద్ద తేడా నాకు అదే అనిపిస్తుంది.

లోపం లేకపోలేదు. పోటీదారుడి పేదరికాన్ని, తండ్రి లేకపోవడాన్ని, తల్లి కుట్టుపనిని పాటకు ముందు నేపథ్య సంగీతంతో వండి వడ్డించడం కొన్ని పోటీలకు అలవాటైంది. చిన్న పిల్లల పోటీల్లో ఓడిన పిల్ల ఏడుపును దగ్గరి నుంచి చూపడం నాకు మింగుడుపడదు. అక్కడ ధ్వని తగ్గించి మంచినీళ్లకు లేస్తాను.

## వార్తా ఛానెళ్ల నేర కథనాలు

వీటి గురించి ఎక్కువ రాయను. రాత్రి పది దాటాక, వణికే అక్షరాలతో, ఎవరో నటులు చేసిన దృశ్యాలతో, పొద్దున జరిగిన సంఘటనను ఆ రాత్రికే కథ చేసి చెప్పేస్తారు. పోలీసులు ఒకరిని పిలిచి ప్రశ్నిస్తే చాలు, ఆ మనిషే చేశాడన్నట్టు గొంతు మారుతుంది. తరువాత కోర్టు వదిలేసినా ఆ సంగతి చెప్పడానికి అదే గొంతు మళ్లీ రాదు. అత్యాచార బాధితుల వివరాలు బయటపెట్టకూడదని చట్టం ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. పేరు చెప్పకుండా వీధి, తండ్రి ఉద్యోగం, కాలేజీ చెప్పేస్తే పేరు చెప్పినట్టే కదా. శ్రీకాకుళం లాంటి ఊళ్లో ఏడు రోడ్ల కూడలి దాటేలోగా ఆ ఇల్లు ఏదో అందరికీ తెలిసిపోతుంది.

ఈ అయిదింటిలో నేను ఎవరికీ సిఫార్సు చేయనిది ఇదొక్కటే. వార్త కావాలంటే పొద్దున పేపరు చాలు.

## నిజ నేరాల డాక్యుమెంటరీలు: పిన్ని గడియ కథ

ఇవి బాగా తీసినవి ఉన్నాయి, చిక్కు అంతా అక్కడే. 2018 జులై 1న ఢిల్లీ బురారీలో ఒకే కుటుంబంలో పదకొండు మంది చనిపోయి కనిపించిన ఉదంతం మీద 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో మూడు భాగాల డాక్యుమెంటరీ వచ్చింది. మొదటి భాగంలో 'ఎవరు చేశారు' అని చూస్తాం. మూడో భాగానికి వచ్చేసరికి, ఇంట్లో మనసు బాగాలేని మనిషి మాటను దైవవాక్కుగా తీసుకుంటే ఏమవుతుందన్న దిగులుతో లేస్తాం. ఒంటి మీదికి దేవుడు వచ్చాడనే మాట మన పల్లెలకు కొత్త కాదు. అందువల్ల అది ఢిల్లీ కథలా అనిపించదు. నేను చూసిన వాటిలో నా ఓటు దీనికే, పగటి పూట, ఎవరైనా తోడుగా ఉన్నప్పుడు.

కేరళలో కూడత్తాయి మరణాల మీద 2023 డిసెంబర్‌లో వచ్చిన డాక్యుమెంటరీ మరో రకం. 2002 నుంచి 2016 దాకా ఒకే బంధువర్గంలో ఆరుగురు పోయిన వ్యవహారం అది. అది విడుదలయ్యే నాటికి కోర్టు విచారణ సాగుతూనే ఉంది. చూసేవాడు మాత్రం తీర్పు ఇచ్చేసి లేస్తాడు. ఇలాంటివి మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: కేసు తేలిందా, నడుస్తోందా? నడుస్తున్న కేసు అయితే, తెర మీద ఒక పక్షమే ఎక్కువ మాట్లాడుతుందని లెక్క వేసుకుని చూడాలి.

పిన్ని లాంటివాళ్లు వీటికి ఎందుకు అతుక్కుపోతారు? భయపడుతూనే ఎందుకు చూస్తారు? 2010లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ ఇదే ప్రశ్న వేశారు. నిజ నేరాల పుస్తకాల వైపు ఆడవాళ్లే ఎక్కువగా మొగ్గుతున్నారని, తప్పించుకునే ఉపాయం, నేరగాడి మనసు తెలిసే కథలంటే వారికి ఆసక్తి ఎక్కువని వాళ్లు గమనించారు. అంటే చూడటం ఒక రకంగా ముందు జాగ్రత్త. పిన్నిని అడిగితే ఆమే అంది, 'తెలిసి ఉండటం మంచిదే కదమ్మా' అని.

దీనికి రెండో వైపు కూడా ఉంది. జార్జ్ గెర్బ్నర్ అనే అమెరికన్ ఆచార్యుడు టీవీలో హింసను ఎక్కువగా చూసేవాళ్లు లోకం నిజంగా ఉన్నదానికన్నా ప్రమాదకరమైనదని నమ్ముతారని చాలా ఏళ్లు వాదించాడు. ముప్ఫై ఏళ్లలో దేశంలో ఎక్కడెక్కడో జరిగిన ఇరవై ఘోరాలను ఇరవై రాత్రుల్లో వరసగా చూస్తే, అవన్నీ ఈ నెలలో, మన వీధిలోనే జరిగినట్టు ఉంటుంది. పాలబ్బాయి చేతిలో గిన్నె కిటికీ దగ్గర ఆగిపోయింది ఆ లెక్క తప్పడం వల్లే.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇవి పెట్టి ఇచ్చి వెళ్లిపోకండి. మీరు ఊళ్లో ఉన్నప్పుడు, రెండు మూడు భాగాల్లో అయిపోయేది ఒకటి, పక్కన కూర్చుని చూడండి. యాప్ దానంతట అదే తరువాతిది మొదలుపెట్టే ఏర్పాటును ఆపేసి వెళ్లండి. పిన్ని మనవడు చేయని పని అదే.

## యథార్థ ఘటనల ఆధారంగా తీసిన సీరీస్‌లు

నటులు ఉంటారు, సంభాషణలు రాసినవి, కథ మాత్రం జరిగింది. దీన్ని మనం ఏదో ఈ పదేళ్లలో వచ్చిన కొత్త సరుకు అనుకుంటాం. విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' వెనుక ఉన్నది ఏమిటి? విశాఖ మండలంలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాల జాబితా. ఆనంద గజపతి మహారాజు రాయించిన ఆ జాబితా సంగతి గురజాడే తన ముందుమాటలో చెప్పుకున్నారు. ఆ పిల్లల్లో ఒక్కరి పేరైనా నాటకంలో లేదు. ఎవరి ఇంటినీ వేలెత్తి చూపకుండా ఊరందరికీ సిగ్గు పుట్టించాడు. నిజాన్ని నాటకం చేయాలంటే అలా చేయాలని నా పక్షపాతం. అందరూ ఒప్పుకోనక్కరలేదు.

ఇప్పటివాటిలో 2019లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజన్ 2012 డిసెంబర్ నాటి ఢిల్లీ నిర్భయ ఘటన దర్యాప్తు మీద నడుస్తుంది. దాడిని తెర మీద చూపకుండా పోలీసుల అయిదారు రోజుల పరుగును చూపింది. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం వచ్చింది. చూడటం మాత్రం తేలిక కాదు. దానికి ఎదురుగా ఒక వరస హంతకుడి మీద 2022లో వచ్చిన అమెరికన్ సీరీస్ 'డామర్' ఉంది. తమను అడగకుండా తమ కుటుంబాల ఏడుపును మళ్లీ తెరకెక్కించారని హతుల బంధువులు బహిరంగంగానే బాధపడ్డారు. బాగా నటించారు కదా అనే జవాబు అక్కడ పనికిరాదు.

రక్తం పడనివారికి 2020 నాటి 'స్కామ్ 1992' ఉంది, హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం మీద పది భాగాలు. కత్తి లేదు, శవం లేదు, బూతు మాత్రం కాస్త ఉంది. చిట్టీలు, డిపాజిట్ల పేరుతో డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం, మన రెండు జిల్లాల్లో తక్కువ కాదు. మా మామగారు దాన్ని చూసి వారం పాటు తన పాత రసీదులు తీసి చదువుకున్నారు. కథలో ఏం జరుగుతోందో మా అందరికన్నా ఆయనకే ముందు తెలిసేది.

మన ఊళ్ల కథ తెరకెక్కినప్పుడు చూసే కన్ను మారుతుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' నేర కథ కాదు గానీ పోలికకు బాగా పనికొస్తుంది. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన ఉత్తరాంధ్ర మత్స్యకారుల అనుభవం దానికి ఆధారం. మిగతా రాష్ట్రానికి అది సముద్రం, ప్రేమ, పాటలు. శ్రీకాకుళం తీరంలో కొన్ని ఇళ్లకు అది ఏడాది దాటిన ఎదురుచూపు. తెర మీద ప్రేమకథ ఎక్కడ మొదలవుతుందో, జరిగింది ఎక్కడ ఆగుతుందో ఈ ఇళ్లవాళ్లు వేలుపెట్టి చూపగలరు. ఢిల్లీ కథలోనో కేరళ కథలోనో మనకు ఆ అతుకు కనిపించదు. అక్కడా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

## ఎవరికి ఏది

పదమూడేళ్ల లోపు పిల్లలు గదిలో ఉంటే పాటల పోటీ, ఇంక ఆలోచించకండి. యాప్‌లలో కనిపించే 7+, 13+, 16+ గుర్తులు 2021 ఐటీ నియమాలతో వచ్చినవి. 13+ నుంచి పైవాటికి తాళం వేసే ఏర్పాటు ఉంటుంది. వేసుకోండి. తాళం సంఖ్యగా పిల్లవాడి పుట్టిన తేదీ పెట్టకండి, మేం ఆ తప్పు చేశాం.

కానిస్టేబులుకో, సైన్యానికో, గ్రూప్ పరీక్షలకో తయారవుతూ తెల్లవారకముందే మైదానానికి పరుగుకు వెళ్లే కుర్రాళ్లు మన రెండు జిల్లాల్లో వేలమంది. వారికి బిగ్‌బాస్ అసలు పనికిరాదు. నాణ్యత మాట పక్కన పెట్టండి, వంద రాత్రుల నిద్ర పోతుంది. ఆదివారం మధ్యాహ్నం ఒక సీరీస్ రెండు భాగాలు, అంతే.

రాత్రి డ్యూటీ చేసే నర్సులు, ఒంటరిగా బస్సు దిగి ఇంటికి నడిచే ఆడపిల్లలు నన్ను అడుగుతూ ఉంటారు, నేర కథలు చూస్తే ధైర్యం వస్తుందా, పోతుందా అని. నేను చూసినంతలో, దర్యాప్తు ఎలా జరిగింది అనేదాని మీద నడిచేవి కొంత ధైర్యం ఇస్తాయి. నేరం ఎలా జరిగింది అనేదాని మీద నిలబడేవి ఉన్నది ఊడ్చేస్తాయి. మొదటి పది నిమిషాల్లోనే అది ఏ రకమో తెలిసిపోతుంది.

ఇంట్లో ఎవరైనా ప్రమాదంలోనో, హత్యలోనో, ఆత్మహత్యతోనో పోయి ఉంటే, ఆ గదిలో చివరి మూడు రకాలూ పెట్టకండి. వాళ్లు 'పరవాలేదు, చూడండి' అంటారు. అన్నా పెట్టకండి.

భార్యాభర్తల్లో ఒకరు బిగ్‌బాస్, ఒకరు నేర కథలు అయితే రాజీకి స్కామ్ వంటి సీరీస్‌లు బాగా పనిచేస్తాయి. అందులో ఎత్తులు, పొత్తులు, నమ్మకద్రోహాలు అన్నీ ఉంటాయి. ఇద్దరూ తమకు కావలసింది ఏరుకుంటారు. మా అప్ప, బావగారు ఇప్పుడు అలాగే కాలక్షేపం చేస్తున్నారు. పక్క కుర్చీ ఆయన కూడా మాట్లాడుతున్నారు, సీజన్ అయిపోయింది కదా. వచ్చే సెప్టెంబర్ సంగతి చూడాలి.

ఇంకో చిన్న సంగతి. బిగ్‌బాస్ నెలలూ, మనకు తుపాన్ల నెలలూ ఒకటే. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వరస తెగితే పోయేదానికన్నా, ఎప్పుడు పట్టుకున్నా అర్థమయ్యేది తీరప్రాంతం వాళ్లకు మేలు. ఆ లెక్కలో కూడా పాటలకే ఒక మార్కు ఎక్కువ.

పిన్ని ఫోనులో మొన్న నేనే సర్దుబాటు చేసి వచ్చాను. నేర కథలు వారానికి ఒకటి, అదీ మధ్యాహ్నం. మిగతా రోజులు పాటలు. పాలబ్బాయి మళ్లీ అరుగు మీద కూర్చుంటున్నాడు. గడియ మాత్రం అలాగే ఉంది. ఇంకా భయమా పిన్నీ అంటే నవ్వింది. 'మనుషుల భయం ఎప్పుడో పోయిందమ్మా. మొన్న రాత్రి ఎలుగుబంటి జీడితోట దాటి పెరటి పనసచెట్టు దాకా వచ్చింది. దానికోసం వేస్తున్నాను.'